చుక్కలక్క

మా అత్తగారు ఒలీటా ఒక్క వారం ఉండి పోతానని వచ్చింది. సెప్టెంబరు నెల. నార్త్ డకోటాలో అప్పుడే పొద్దున్నే మాట్లాడితే నోట్లోంచి పొగలు వస్తున్నాయి. ఓక్లహోమా నుంచి రెండు రోజులు బస్సులో కూర్చుని వచ్చిన మనిషి కాస్తయినా నలగకుండా దిగింది. ఒక చేతిలో బట్టల సంచీ, రెండో చేతిలో ఎర్ర రేకుపెట్టె. నేను సంచీ అందుకోబోయాను.

"అది కాదు, ఇది పట్టుకో," అని పెట్టె నా చేతికిచ్చింది. భుజం ఊడినంత పనైంది.

"ఏముందత్తయ్యా ఇందులో, ఇటుకలా?"

"నా పనిముట్లు. బట్టలు లేకపోయినా ఒక పూట గడుస్తుంది, అవి లేకపోతే గడవదు," అని కారెక్కి కూర్చుంది.

మా పెళ్లయి అప్పటికి మూడు నెలలు. మా ఆయన హార్లన్ గ్యాసు పైపులైన్ల మీద వెల్డరు. పైపు ఎటు పోతే మనిషి అటు పోవాలి. వాళ్ల నాన్నదీ అదే పని. హార్లన్ పుట్టి పెరిగిందంతా ట్రైలర్లలోనే, ట్రక్కు లాక్కెళ్లే చక్రాల ఇళ్లలో. నేనేమో అయోవాలో, కింద నేలమాళిగ, పైన అటక, మధ్యలో ఎనిమిది గదులున్న ఇంట్లో పెరిగాను. పెళ్లిలో కేకు కోసం వరసలో నిలబడి ఉంటే వెనకనుంచి ఒలీటా గొంతు వినబడింది: "పిల్ల బంగారమే. కానీ ఇంటి పిల్ల. ఒక్క చలికాలం చాలు, మూటాముల్లె సర్దుకుంటుంది." ఆ మాట అప్పట్నుంచీ నా చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

ఆగస్టులో కొత్త ట్రైలర్ కొన్నాం. ఫిఫ్త్ వీల్ అంటారు. ట్రక్కు వెనక కొక్కేనికి వేలాడే రకం కాదు, ట్రక్కు తొట్టి మధ్యలో మెడ ఆనించి కూర్చునే రకం. నలభై అడుగుల పొడవు. మీట నొక్కితే గోడలు బయటికి జరిగి హాలు పెద్దదవుతుంది. వంటగదిలో పాలరాయిలా మెరిసే గట్టు, గోడలో కరెంటుతో వెలిగే ఉత్తుత్తి మంటల పొయ్యి. ఫోటోలు తీసి మా అమ్మకి పంపి, ఊళ్లో అందరికీ చూపించమన్నాను.

హార్లన్ మాత్రం నన్ను వెంట తీసుకెళ్లే ముందు ఒక షరతు పెట్టాడు.

"బ్రెన్నా, అక్కడి చలి తమాషా కాదు. నేను పొద్దున పోతే పన్నెండు గంటలు పనిచేసి గానీ రాను. గ్యాసు, కరెంటు, నీళ్లు అన్నీ నీ చేతిలోనే ఉంటాయి. నువ్వు ఒక్క తప్పు చేసి ఏదన్నా గడ్డకట్టిందంటే, ఆ రోజే మీ అమ్మ దగ్గర దింపేస్తా. ఏప్రిల్ దాకా నేనొక్కణ్ణే ఉంటా. సరేనంటేనే రా."

"ఒక్క తప్పుకే?"

"ఏడేళ్లప్పుడు వయోమింగులో ఒక చలికాలమంతా బూట్లతో పడుకున్నా. నీకా గతి పట్టనివ్వను."

ప్రేమతో అన్నమాటే. అయినా నాకు ఒళ్లు మండింది. పెళ్లయిన ఏడాదే మొగుడు ఒక రాష్ట్రంలో, పెళ్లాం ఒక రాష్ట్రంలోనా? పైగా పెళ్లిలో అత్తగారు అన్న మాట నిజం చేసి చూపించాలా? సరేనన్నాను. తప్పు చేస్తే కదా, అనుకున్నాను.

అందుకని ఒలీటా బస్సు దిగితే నాకు చుట్టం వచ్చినట్టు లేదు, పరీక్షలు పెట్టే మనిషి వచ్చినట్టుంది.

ఆవిడ తిన్నగా లోపలికి రాలేదు. ట్రైలర్ చుట్టూ మూడు సార్లు తిరిగింది. తర్వాత ఒక అట్టముక్క నేల మీద పరిచి, వెల్లకిలా పడుకుని, ట్రైలర్ కిందికి జరిగిపోయింది. బూట్లు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. నేను కాఫీ కప్పు పట్టుకుని ఆ బూట్ల పక్కన నిలబడ్డాను.

"ఎవరు కట్టారే ఈ డబ్బా?" కింద నుంచి గొంతు.

"కొత్తదత్తయ్యా. కొని నెల కూడా కాలేదు."

"కొత్తదంటే అర్థం ఏంటో తెలుసా? ఇంకా ఎవరూ బాగుచెయ్యలేదని."

లోపలికొచ్చాక ఇంకా అన్యాయం. సొరుగు లాగితే ముందు చెక్క ఆవిడ చేతిలోకి వచ్చేసింది. మెరిసే గట్టు కింద తలపెట్టి చూసి, సింకు గొట్టం ఒక మరతో మాత్రమే వేలాడుతోందని చెప్పింది. గోడకి బిగించిన మేకుల్లో సగం గాల్లోకే పోయాయి, వెనకాల చెక్కే లేదు. వేడిగాలి గొట్టం మూత విప్పి చెయ్యి పెడితే రంపపు పొట్టు, ఒక సోడా డబ్బా, ఒంటి చేతితొడుగు బయటికొచ్చాయి.

"ఇంకా లోపల చూడవే. వాడు చెయ్యి కూడా వదిలేసి పోయాడేమో."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా అమ్మకి పంపిన ఫోటోలు గుర్తొచ్చాయి.

"ఇంట్లో అయితే పొయ్యి ఇటువైపుండేది. గాలి పొగని లాక్కుపోయేది," అంది తనలో తనే. ఓక్లహోమాలో, టల్సా ఊళ్లో ఆవిడుంటున్న అపార్టుమెంటు సంగతనుకున్నాను. కాదు. మామగారు పోయాక అమ్మేసిన ఇరవై ఆరడుగుల పాత ట్రైలర్ అది. ఆవిడ భాషలో అదొక్కటే ఇల్లు. టల్సాలోది "ఆ గది." మాది "డబ్బా."

వారం గడిచింది. "వచ్చే శనివారం పోతాను, ఈ గొట్టాల సంగతి చూసి," అంది. ఆ శనివారం వచ్చేసరికి కిటికీల సంగతి మిగిలిపోయింది. తర్వాతి శనివారానికి గోడ జరిగేచోట గాలి దూరుతోందని కనిపెట్టింది. హార్లన్ వారంలో ఆరు రోజులు పనిలో ఉండేవాడు. ఏడో రోజు నిద్రపోయేవాడు. అందుకని డబ్బాకీ చలికీ మధ్య మేమిద్దరమే.

అక్టోబరంతా నేను ఆవిడ వెనక తిరిగాను. ఎలుక దూరే ప్రతి కన్నంలో ఇనుప పీచు కుక్కాం. నీళ్లు వచ్చే గొట్టానికి వేడెక్కే తీగ చుట్టి, పైన దూది పట్టీ చుట్టి, ఆ పైన టేపు చుట్టాం. కిటికీలకి పల్చటి ప్లాస్టిక్ అంటించి, జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో వేడిగాలి కొట్టి బిగుతు చేశాం. గోడలో మేకు బిగిసే చోటు వేలితో కొట్టి వినడం నేర్చుకున్నాను. బోలుగా మోగితే గాలి, మొద్దుగా మోగితే చెక్క.

నవంబరు మొదట్లో ఒలీటా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, "ఇక దీనికి పావడా కట్టాలి," అంది.

"పావడా ఏంటత్తయ్యా?"

"కింద ఖాళీ అంతా గాలి కొట్టకుండా చుట్టూ మూసెయ్యడమే. ఈ చలిలో పావడా లేకుండా ఏ ఆడదైనా నిలబడుతుందా?"

థర్మాకోల్ పలకలు కోసి, చెక్క చట్రాలకి బిగించి, నేల దాకా దించాం. నాలుగు రోజులు పట్టింది. నేను బిగించిన మరల్ని ఆవిడ మర్నాడు పొద్దున్నే, నేనింకా లేవలేదనుకుని, మళ్లీ బిగిస్తుండేది. కిటికీలోంచి చూస్తూనే ఉండేదాన్ని. కోపం వచ్చేది. నాలుగో రోజు లేచి చూస్తే ఆవిడ నా పలకల పక్కనుంచి కాఫీ తాగుతూ నడిచిపోయింది, ఒక్కదాని మీదా చెయ్యి వెయ్యలేదు. నేను ఆ సంతోషం హార్లన్‌కి చెప్తే అతనికి అర్థం కాలేదు. "మరలు చూడలేదా? అయితే ఏంటి?" అన్నాడు.

ఒక్క మురుగు వాల్వు దగ్గరికి మాత్రం నన్ను రానివ్వలేదు. వాడిన నీళ్లన్నీ ట్రైలర్ అడుగున ఒక తొట్టిలో చేరతాయి. దాని వాల్వు లాగితే బయటి గొట్టంలోంచి, ట్రైలర్లు నిలుపుకునే ఈ పార్కువాళ్ల మురుగు కాలవలోకి పోతాయి. రెండ్రోజులకోసారి ఒలీటా తానే వెళ్లి లాగి, మళ్లీ మూసి వచ్చేది. "అది నేను చూస్తాలే, నీకెందుకు ఆ వాసన," అనేది. నేనూ సంతోషంగా ఊరుకున్నాను.

ఈలోగా పార్కులో ఆవిడ పేరు మోగిపోయింది. అరవై ట్రైలర్లున్నాయి అక్కడ. ఎవరి హీటరు ఆగినా, ఎవరి గ్యాసు బండ మొండికేసినా, "ఒలీటా అక్కని అడగండి" అనేవాళ్లు. పక్క ట్రైలర్లో లైల్ అని మట్టి తవ్వే యంత్రం నడిపే మనిషి ఉండేవాడు. ఛాతీ దాకా గడ్డం, పార్కంతా వినపడే గొంతు. రోజూ ఏదో ఒక వంకతో వచ్చి మా అత్తగారి చేతి మొక్కజొన్న రొట్టె తిని పోయేవాడు.

"అక్కా, నీ లెక్కెంత ఇప్పుడు?" అని అడిగేవాడు, సమాధానం తెలిసి కూడా.

"ముప్ఫై ఒక్క చలికాలాలు. ఒక్క గొట్టం పగల్లేదు," అనేది. అది చెప్పేటప్పుడు మాత్రం ఆవిడ వీపు నిటారుగా అయ్యేది. ఆవిడ గొప్పగా చెప్పుకునేది ఆ ఒక్కటే.

డిసెంబరు రెండో వారంలో రేడియోలో చెప్పారు, సున్నాకి ముప్ఫై డిగ్రీలు కిందికి పోతుందని. ఆ రోజు ఒలీటాకి జలుబు చేసి ఒళ్లు వెచ్చగా ఉంది. మందు మింగి, సింకు కింద అల్మారా తలుపులు తెరిచి పెట్టమని నాకు చెప్పి, పెందరాళే పడుకుంది. హార్లన్ అన్నం తింటూనే కునికిపాట్లు పడుతున్నాడు. అంట్లు కడిగి, నేనొక్కదాన్నే సింకు ముందు నిలబడ్డాను.

అయోవాలో ఇలాంటి చలి వచ్చిన ప్రతిసారీ మా నాన్న చేసే పని గుర్తొచ్చింది. కుళాయిని సన్నగా, దారమంత వదిలేవాడు. కదిలే నీళ్లు గడ్డకట్టవమ్మా, నిలబడిన నీళ్లే గడ్డకడతాయి అనేవాడు. ఒలీటా ఇది మర్చిపోయినట్టుందే అనుకున్నాను! కుళాయి దారమంత వదిలాను. మరి తెల్లారేదాకా కారితే కింద తొట్టి నిండదూ? దానికీ నా దగ్గర తెలివి ఉంది. కోటు వేసుకుని బయటికెళ్లి, మురుగు వాల్వు తెరిచి పెట్టి వచ్చాను. వచ్చే నీళ్లూ కదులుతుంటాయి, పోయే నీళ్లూ కదులుతుంటాయి. పొద్దున్న ఆ కుళాయి చూసి "ఎవరికొచ్చిందే ఈ ఆలోచన?" అని ఒలీటా అడగాలి, నేను నోరు విప్పకుండా చిన్నగా నవ్వాలి. ఆ ముచ్చట తలుచుకుంటూ హాయిగా నిద్రపోయాను.

పొద్దున్న లేచేసరికి స్నానాల తొట్టిలో జానెడు మురికి నీళ్లు. వాటిలో ముందురోజు నూడిల్స్ తేలుతున్నాయి.

చలికి పనులు ఆపేశారని హార్లన్ ఇంట్లోనే ఉన్నాడు. కోటు వేసుకుని బయటికెళ్లాడు. కిటికీకి ముక్కు ఆనించి చూశాను. లైల్ కూడా వచ్చాడు. ఇద్దరూ మురుగు గొట్టం దగ్గర వంగి చూస్తున్నారు. ఇంటి గొట్టమైతే భూమిలోకి పోతుంది, అక్కడ చలి చేరదు. మాది గాల్లో ఆరడుగులు పోతుంది. నేను వదిలిన సన్నటి ధార ఒక్కో చుక్కే ఆ గొట్టంలో గడ్డకట్టుకుంటూ, పొరమీద పొర పేరుకుని, గొట్టం మొత్తం ఒకే మంచు కడ్డీ అయి, మూల దగ్గర నిలువునా చీలిపోయింది. నీళ్లు పోయే దారి లేక వెనక్కి తన్నాయి. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం హార్లన్ మొహం చూస్తేనే తెలిసిపోయింది, నా మూట సర్దుకోవాల్సిందే అని.

ఒలీటా పొయ్యి దగ్గర నిలబడి, వాళ్లు బిస్కట్లనే మెత్తటి ఉప్పు రొట్టెల్లోకి తెల్ల గ్రేవీ కలుపుతోంది. హార్లన్ తలుపు తీసుకుని వచ్చాడు. వెనకే లైల్.

"కుళాయి ఎవరు వదిలారు?"

నోరు తెరిచాను.

"నేనే," అంది ఒలీటా.

"నువ్వా?"

"నేనేరా. మందు మింగానుగా, బుర్ర పనిచెయ్యలేదు. మూడేళ్లు ఆ టల్సా గదిలో పడున్నాను, ఇళ్లవాళ్ల బుద్ధులు అంటుకున్నాయి. వాల్వు కూడా నేనే తీశా." గరిటె తిప్పుతూనే ఉంది. తల ఎత్తలేదు.

హార్లన్ చాలాసేపు వాళ్లమ్మ వీపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. తర్వాత కుళాయిని.

"సరే," అన్నాడు. "గొట్టం మార్చాలి. లైల్, నీ దగ్గర మూల ముక్క ఉందా?"

లైల్‌కి గొట్టం గోల పట్టలేదు. గుమ్మంలోనే కూలబడి నవ్వుతున్నాడు. "ఎవరూ? ఒలీటా అక్కా? ముప్ఫై ఒక్క చలికాలాలే! నా తల్లీ, కుళాయి చుక్కలు కారనిచ్చిందట! నేను అందరికీ చెప్పాలి!"

"చెప్పుకో పో," అంది ఒలీటా. "తలుపు మూసి చెప్పుకో, చలి వస్తోంది."

వాళ్లిద్దరూ బయటికి పోయాక నేను ఆవిడ పక్కకి వెళ్లాను.

"ఎందుకత్తయ్యా?"

"గ్రేవీ అడుగంటుతోంది, కలుపు."

"అత్తయ్యా, నేను..."

"రేపట్నుంచి ఆ కుళాయి ఒక్క చుక్క కారిందంటే నీ చెయ్యి విరుస్తాను. వాల్వు సంగతి నీకు చెప్పకపోవడం నా తప్పు. తిన్నాక చెప్తా. ఏడవకు, ఇక్కడ ఏడుపుకి టైము లేదు. బకెట్ తీసుకుని ఆ స్నానాల తొట్టి తోడు." ఒక తువ్వాలు నా మొహం మీదికి విసిరింది. నేను దాంతో మొహం తుడుచుకుని తొట్టి తోడాను.

మధ్యాహ్నానికి పార్కంతా తెలిసిపోయింది. సాయంత్రానికి పేరు కూడా పెట్టేశారు: చుక్కలక్క. పొరుగునున్న ఆడవాళ్లు ఆవిడని సలహా అడగడం మానలేదు గానీ, అడిగేటప్పుడు పెదాలు బిగబట్టుకునేవాళ్లు. క్రిస్మస్‌కి లైల్ పాత ఇత్తడి కుళాయి ఒకటి తెచ్చి, దానికి ఎర్ర రిబ్బను కట్టి, మా తలుపుకి వేలాడదీశాడు. ఒలీటా దాన్ని చూసి, "వీడు ఏదీ గట్టిగా కట్టడు కదా," అని రెండు మరలు తెచ్చి దాన్ని తలుపుకి సరిగ్గా బిగించింది. లోపలికొచ్చాక మాత్రం చాలాసేపు ఉత్తుత్తి మంటల పొయ్యి ముందు కూర్చుని చేతులు కాచుకుంది. ఎవరూ "నీ లెక్కెంత అక్కా" అని అడగడం లేదిప్పుడు. ఆ ఒక్క గొప్పా నేనే పోగొట్టాను. హార్లన్‌కి చెప్పేద్దామని రెండు సార్లు నోటి దాకా తెచ్చుకున్నాను. రెండు సార్లూ ఆవిడ ఎక్కణ్నుంచో ఊడిపడి నాకేదో పని చెప్పింది.

జనవరిలో ఒలీటా మళ్లీ జ్వరంతో పడిపోయింది. అదే రోజు మంచు తుఫాను వచ్చి హార్లన్ పని చోటే చిక్కుపడిపోయాడు. రెండు రోజులు నేనొక్కదాన్నే. గాలికి లేచిపోయిన పావడా పలకని మోకాళ్ల లోతు మంచులో నిలబడి తిరిగి బిగించాను. గ్యాసు బండ మార్చాను, సబ్బు నీళ్లతో లీకు చూశాను. తొట్టి నిండాక వాల్వు ఒక్క ఊపున లాగి, ఖాళీ అయ్యాక మూసి, గొట్టం ఎత్తిపట్టి చివరి చుక్క దాకా వంపాను. రెండో రోజు పొద్దెక్కాక ఒలీటా దుప్పట్లోంచి చెయ్యి బయటపెట్టి, పక్కనున్న గోడ తట్టి చూసింది. వెచ్చగా ఉంది. మళ్లీ అటు తిరిగి పడుకుంది.

ఏప్రిల్ మొదట్లో మంచు కరిగి పార్కంతా బురదైంది. పైపు పని అయిపోయింది. తర్వాతి పని వయోమింగులో. ఒలీటా ఊళ్లో బస్సుకి టికెట్టు తెప్పించుకుంది. "వారం అని వచ్చా, చాలా వారాలైపోయాయి," అంది. ట్రైలర్ తగిలించుకుని బయల్దేరే రోజు మధ్యాహ్నం, తలా ఒక గిన్నె తెచ్చుకుని అందరం బయట బల్లల మీద భోజనాలకి చేరాం. లైల్ కాగితం కప్పు ఎత్తి పట్టుకున్నాడు.

"మన చుక్కలక్క కోసం! ఎక్కడున్నా కుళాయి కట్టేసుకుని చల్లగా ఉండాలి!"

అందరూ గొల్లుమన్నారు. ఒలీటా కూడా పెదవి చివర నవ్వింది. ఆ నవ్వు చూసేసరికి ఇక నావల్ల కాలేదు. లేచి నిలబడ్డాను.

"ఆ కుళాయి విప్పింది ఆవిడ కాదు. నేను. వాల్వు తీసిందీ నేనే. మా అత్తయ్య ముప్ఫై ఒకటి కాదు, ముప్ఫై రెండు చలికాలాల్లో ఒక్క గొట్టం పగలగొట్టలేదు."

లైల్ కళ్లు తుడుచుకున్నాడు.

"చూశారా? ఇదీ కోడలంటే! అత్తగారి పరువు కోసం ఆ నింద తన నెత్తిన వేసుకుంటోంది! బ్రెన్నా, నీలాంటి పిల్ల నాకు దొరక్కే నేను పెళ్లి చేసుకోలేదమ్మా!"

"కాదు లైల్, నిజంగా! మా నాన్న అయోవాలో..."

"ఆహా, మళ్లీ వాళ్ల నాన్నని కూడా లాగుతోంది!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఒకావిడ వచ్చి నన్ను కావిలించుకుంది. దిక్కుతోచక ఒలీటా వైపు చూశాను. ఆవిడ ఏమాత్రం తొణకకుండా బీన్సు వడ్డించుకుంటోంది.

"పోనీలెండి, చిన్నపిల్ల. మంచి మనసుతోనే అంది," అంది అందరితో. నాకు మాత్రం వినపడేట్టు, "కూర్చోవే మొద్దూ, చల్లారిపోతోంది," అంది.

తర్వాత హార్లన్, నేను ట్రైలర్ ముందున్న ఇనుప కాళ్లు ఎత్తి, ట్రక్కుకి తగిలిస్తున్నాం. అతను తాళం పిన్ను పెడుతూ, నా వైపు చూడకుండా అన్నాడు.

"నువ్వేనని నాకు ఆ పొద్దున్నే తెలుసు."

"ఎలా?"

"చిన్నప్పుడు ఒక్క చుక్క కారనిస్తే నా చెవి మెలేసేది మా అమ్మ. అలాంటి మనిషి జ్వరమొచ్చినా కుళాయి వదుల్తుందా? పైగా ఆ మాట అంటూ నా మొహంలోకి చూడలేదు. మా అమ్మ అబద్ధం ఆడటం అదే మొదటిసారి చూశా."

"మరి షరతు? నన్ను పంపెయ్యలేదే?"

హార్లన్ లేచి చేతులు పాంటుకి తుడుచుకున్నాడు. "నాన్న పోయాక మా అమ్మ ఏదీ ఉంచుకోలేదు బ్రెన్నా. ట్రైలర్ అమ్మేసింది, కుక్కని ఎవరికో ఇచ్చేసింది. నాకు కావాలి అని ఒక్క మాట అనలేదు. ఆ పొద్దున్న మొదటిసారి ఒకటి ఉంచుకోవాలనుకుంది. నేను కాదంటానా?"

అతను ట్రక్కెక్కాడు. నలభై అడుగుల ట్రైలర్ బురదలోంచి మెల్లగా కదిలింది. తలుపు మీద ఇత్తడి కుళాయి అలాగే ఉంది, రెండు మరల మీద గట్టిగా.

ఒలీటా, నేను నా పాత కారులో వెనకాల బయల్దేరాం. ఎర్రపెట్టె వెనక సీట్లో, బట్టల సంచీ ఆవిడ ఒళ్లో. దారిలో ఊరు వచ్చింది. బస్సు స్టాండు ముందు మలుపు దగ్గర నేను నెమ్మది చేశాను. హార్లన్ ట్రక్కు ఆగలేదు, తిన్నగా పోతోంది. అతను అమ్మకి వీడ్కోలు పార్కులోనే చెప్పేశాడు. ఎడమవైపు సిగ్నల్ వేశాను.

"ఎందుకు ఆపుతున్నావ్?" అంది ఒలీటా.

"బస్సు స్టాండు కదత్తయ్యా. మీ టికెట్టు..."

ఆవిడ సంచీ ఒళ్లోంచి తీసి కాళ్ల దగ్గర పెట్టుకుంది. ముందు అద్దంలోంచి వేలు పెట్టి చూపించింది.

"ముందర మన ఇల్లు పోతోంది, కనపడట్లేదుటే నీకు? వయోమింగు రోడ్ల మీద తప్పిపోతే ఎక్కడని వెతుక్కుంటాం? దాని వెనకే పోనీ."